పల్లెలో స్థలం కొంటున్నారా? డబ్బు కట్టకముందే బావినీ నీళ్ళనీ ఇలా పరీక్షించండి

పల్లెలో పొలమో ఇల్లో కొనేటప్పుడు కాగితాలు నలుగురికి చూపిస్తాం, సరిహద్దులు కొలిపిస్తాం, దారి ఉందో లేదో కనుక్కుంటాం. బావి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మేవారు మోటారు వేస్తారు, పైపులోంచి నీళ్ళు దూకుతాయి, మనం దోసిట పట్టి రుచి చూసి తలూపుతాం. అంతటితో సరి. నిజానికి ఆ పది నిమిషాల నీళ్ళు చెప్పేది చాలా తక్కువ. కొన్నాళ్ళు వాడకుండా ఉంచిన బోరు మొదటి అరగంట ఎలాగూ బాగానే పోస్తుంది. తియ్యగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో నాలుకకు తెలియదు.

మీకు తెలియాల్సింది రెండు సంగతులు. గడ్డు రోజుల్లో ఈ బావి ఎన్ని నీళ్ళు ఇస్తుంది? ఆ నీళ్ళతోపాటు ఏమేం కలిసి వస్తున్నాయి? ఈ రెంటికీ జవాబు మాటల్లో దొరకదు, కొలిస్తేనే దొరుకుతుంది. కొలిచే పని మీ చేతులమీదుగా జరగాలి.

ముందు ఒప్పందంలో రాయించుకోండి

అడ్వాన్సు ఇచ్చే రోజే నీటి పరీక్ష మాట కాగితంమీద ఉండాలి. "నీళ్ళు బాగుంటే కొంటాం" అని రాస్తే రేపు గొడవకే పనికొస్తుంది. బాగుండటం అంటే ఏమిటో అంకెల్లో రాయండి: ఇన్ని గంటలు ఆపకుండా తోడితే గంటకు కనీసం ఇన్ని లీటర్లు రావాలి, ల్యాబ్ పరీక్షలో ఫలానా ఫలానా అంశాలు తాగునీటి హద్దుల్లో ఉండాలి. పరీక్షల ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో పూర్తి కావాలి, ఫలితం తేడాగా వస్తే అడ్వాన్సు వెనక్కి ఇస్తారా, ధర తగ్గిస్తారా అన్నదీ రాయాలి. ల్యాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్షకే ఒకటి రెండు రోజులు పడుతుంది, మిగతావి ఇంకా ఆలస్యం కావచ్చు. మూడు వారాల గడువు అడిగితే టెన్షన్ లేకుండా పని అవుతుంది.

అమ్మేవారు తమ దగ్గరున్న పాత రిపోర్టు చూపిస్తే సంతోషంగా తీసుకోండి. అది పోల్చి చూడటానికి పనికొస్తుంది. కానీ దాన్ని మీ పరీక్షకు బదులుగా ఒప్పుకోవద్దు.

బావి చరిత్ర కనుక్కోండి

బోరు ఎప్పుడు వేశారు, ఎంత లోతు, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే గొట్టం) ఎంతవరకు దింపారు, నీళ్ళు ఏ లోతులో పడ్డాయి, మోటారు ఎన్ని హార్స్‌పవర్, ఎంత లోతులో వేలాడుతోంది? బోరు వేసినప్పటి వివరాల కాగితం ఉంటే ఇవన్నీ అందులోనే ఉంటాయి. లేకపోతే మోటారు దింపిన మెకానిక్‌ని అడగండి. ఎన్ని పైపులు దింపాడో అతనికి బాగా గుర్తుంటుంది.

ఆ తర్వాత అదే స్థలంలో ఇంతకుముందు ఎన్ని బోర్లు వేశారో, వాటిలో ఎన్ని ఎండిపోయాయో అడగండి. ఈ ఒక్క ప్రశ్నే చాలా సంగతులు బయటపెడుతుంది. పాత బోరు 60 మీటర్లు, దాని తర్వాతది 120, ఇప్పటిది 200 అని తేలితే ఆ చోట నీటిమట్టం ఏటికేడు దిగిపోతోందని అనుమానించాలి. ఈరోజు ఎంత నీరు పోస్తున్నా ఆ బోరును శాశ్వతమని నమ్మలేం.

ఇదే ప్రశ్న చుట్టుపక్కల పొలాలవాళ్ళనీ అడగాలి, అమ్మేవారు పక్కన లేనప్పుడు. ఎండాకాలంలో మోటారు ఎన్నాళ్ళు ఆగుతుంది, ఆగాక ఎక్కడినుంచి తెచ్చుకుంటారు అని అడిగితే పొరుగువాళ్ళు మామూలుగా దాచరు. వాళ్ళ బాధా అదే కదా.

బావి ఎవరిది అన్నది కూడా తేల్చుకోండి. అది సరిహద్దుకు ఇవతలే ఉందా? అన్నదమ్ముల ఉమ్మడి బావి అయితే మీ వాటా ఎంత, ఎన్ని రోజులకోసారి మీ వంతు, పైపులైను ఎవరి పొలంలోంచి వెళ్తోంది? కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది? బోరుకు అనుమతి అవసరమైన ప్రాంతమైతే ఆ కాగితం ఉందా? ఇవన్నీ అమ్మకం దస్తావేజులోకి ఎక్కాలి. నోటిమాటగా నడిచిన నీటి వాటా యజమాని మారగానే తగాదా అవుతుంది.

బావి చుట్టూ తిరిగి చూడండి

బోరయితే కేసింగ్ నేలకంటే కనీసం 30 సెంటీమీటర్లు పైకి ఉండాలి. దానిమీద బిగుతైన మూత ఉండాలి. చుట్టూ పగుళ్ళు లేని సిమెంటు చప్టా, నీళ్ళు బయటికి జారేలా వాలు ఉండాలి. కేసింగ్ పక్కన మట్టి కుంగి గుంత పడిందంటే వాన నీళ్ళు గొట్టం బయటి అంచు వెంబడి నేరుగా లోపలికి దిగుతున్నాయేమోనని అనుమానించండి. పై నేల వడకట్టాల్సిన మురికి అప్పుడు వడకట్టకుండానే అడుక్కి పోతుంది.

తీసిన నీళ్ళు బావి చుట్టూ మడుగు కడుతున్నాయా, పశువులు అక్కడే నిలబడుతున్నాయా, పురుగుమందు డబ్బాలు అక్కడే కడుగుతున్నారా చూడండి. మరుగుదొడ్డి గుంత, సెప్టిక్ ట్యాంకు, పేడకుప్ప ఎంత దూరంలో ఉన్నాయో అడుగులతో కాదు, టేపుతో కొలవండి. సెప్టిక్ ట్యాంకుకు 15 మీటర్లు అనేది సాధారణంగా చెప్పే కనీస దూరం, 30 ఉంటే మనసు కుదుటపడుతుంది. పగుళ్ళున్న రాతి నేలల్లో మురికి ఇంకా దూరం నుంచి కూడా వస్తుంది. అందుకే దూరం సరిపోయిందని ల్యాబ్ పరీక్ష మానకండి. ఆ గుంతలు బావికంటే మెరకన ఉన్నాయా, పల్లంలో ఉన్నాయా అన్నది కూడా ముఖ్యమే.

తవ్విన బావి అయితే పై గోడ నడుము ఎత్తున ఉందా, మూతో వలో ఉందా, లోపలి ఒరల మధ్య సందుల్లోంచి పైన ఎక్కడైనా తడి కారుతోందా అని అద్దంతో ఎండను లోపలికి కొట్టి చూడండి. నీటిమట్టానికి చాలా పైన గోడ తడిగా, పాచి పట్టి ఉంటే పైనున్న నీళ్ళు లోపలికి ఊరుతున్నట్టు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఏ కారణంతోనూ బావిలోకి దిగొద్దు, ఎవరినీ దించొద్దు. చాలాకాలం వాడని బావి అడుగున ఆక్సిజన్ లేకపోవచ్చు, బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఉండొచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. దిగినవాడు నిమిషాల్లో పడిపోతాడు, అతన్ని తీయడానికి దిగినవాళ్ళూ పడిపోతారు. లోపల చూడాల్సింది ఉంటే కెమెరా దింపే మనిషిని పిలవండి. బోర్లలోకి దించే కెమెరా కేసింగ్ పగుళ్ళనూ చూపిస్తుంది.

స్థలంలో పాడుబడ్డ బోర్లు ఉంటే వాటిని లెక్కపెట్టండి. నోరు తెరిచి ఉన్న బోరు పిల్లల ప్రాణాలకు ముప్పు. పైగా పైనున్న మురికిని పక్కనున్న మంచి బోరులోకి మోసే దారి అవుతుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే వాటిని పూడ్పించి మూయించాలని పట్టుబట్టండి. ఇందులో బేరం వద్దు.

ఎన్ని నీళ్ళు వస్తాయో కొలవండి

ఈ పనికి ఒక రోజు కేటాయించండి. వీలుంటే ఎండాకాలం చివర చేయండి. వానలు పడ్డ వెంటనే చూస్తే ఏ బావి అయినా నిండుగానే కనిపిస్తుంది. అప్పుడే కొనాల్సి వస్తే మీ అంకెల్ని ఆ బావి ఇవ్వగల గరిష్ఠంగా భావించండి, సగటుగా కాదు. పరీక్ష జరిగే వేళ చుట్టుపక్కల మోటార్లు నడుస్తుంటే ఇంకా మంచిది, ఎందుకంటే రేపు మీరు బతకాల్సింది కూడా వాటి మధ్యే.

ముందు రాత్రి నుంచి మోటారు ఆపించండి. పొద్దున్నే బరువు కట్టిన టేపుతోగానీ, నీటిని తాకగానే శబ్దం చేసే మీటరుతోగానీ నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూడండి. ఇరుకు బోరులో మామూలు టేపు వైర్లలో చిక్కుకుంటుంది కాబట్టి ఆ పని మెకానిక్‌కి వదిలేయడం మేలు. అదే నిలకడ మట్టం. రాసుకోండి.

తర్వాత మోటారు వేసి కనీసం నాలుగు గంటలు ఆపకుండా నడపండి. సేద్యానికైతే మీరు రోజూ ఎంతసేపు నడపాలనుకుంటారో అంతసేపు. నీళ్ళు ట్యాంకులోంచి కాకుండా నేరుగా బోరు పైపులోంచే పడుతున్నాయని ముందే చూసుకోండి. వదిలిన నీళ్ళు బావి చుట్టూ ఇంకకుండా దూరంగా పోనివ్వండి.

రెండించుల నీళ్ళు, మూడించుల నీళ్ళు అని చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు. బకెట్టు, గడియారం చాలు. 20 లీటర్ల బకెట్టు 10 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, అంటే గంటకు 7,200 లీటర్లు. ధార పెద్దదైతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. అది 40 సెకన్లలో నిండితే గంటకు 18,000 లీటర్లు. ప్రతి అరగంటకూ ఇలా కొలిచి, నీటిమట్టం ఎంత దిగిందో కూడా పక్కన రాయండి.

మీరు చూడాల్సింది మొదటి అంకెను కాదు, చివరి అంకెను. మొదట గంటకు 7,200 వచ్చి, నాలుగో గంటలో 2,500కి పడిపోతే ఆ బోరు ఇవ్వగలిగేది 2,500కి దగ్గర. నీళ్ళు ఆగి ఆగి బుడగలతో పడుతుంటే, అంటే మోటారు గాలి కొడుతుంటే, మట్టం పంపు దాకా దిగిపోయినట్టు. వెంటనే ఆపేయండి, లేదంటే మోటారు కాలుతుంది. ఇక నిలకడ మట్టం 20 మీటర్లు ఉండి, నాలుగు గంటల తర్వాత 45కి దిగి, పంపు 50లో ఉంటే చేతిలో ఉన్నది 5 మీటర్లే. వచ్చే కరువుకు అది చాలదు.

మోటారు ఆపాక కూడా అక్కడే ఉండండి. మట్టం తిరిగి ఎంతసేపట్లో పాత చోటికి చేరుతుందో చూడటం తోడటమంత ముఖ్యం. గంట రెండు గంటల్లో చాలావరకు కోలుకుంటే ఊట బాగున్నట్టు. మర్నాటికి కూడా కోలుకోకపోతే మీరు నిల్వ నీళ్ళు తోడారన్నమాట.

తవ్విన బావికి ఈ లెక్క సులువు. 3 మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో 30 సెంటీమీటర్ల మట్టం అంటే దాదాపు 2,100 లీటర్లు. బావి తోడాక గంటలో 30 సెంటీమీటర్లు పెరిగితే ఊట గంటకు అంత అన్నమాట. మట్టం పెరిగేకొద్దీ ఊట నెమ్మదిస్తుంది, కాబట్టి దాన్ని 24తో గుణించి సంబరపడొద్దు.

వచ్చిన అంకె చాలా, చాలదా? ఇంటివాడకానికైతే ఐదుగురికి రోజుకు 500 నుంచి 750 లీటర్లు. గంటకు 200 లీటర్లే ఇచ్చే బావి కూడా మంచి ట్యాంకు ఉంటే ఒక ఇంటిని పోషిస్తుంది. సేద్యం వేరే కథ. ఎకరానికి రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే సుమారు 20,000 లీటర్లు కావాలి. గంటకు 7,200 లీటర్ల బోరు దాదాపు మూడు గంటలు నడిస్తే ఒక్క ఎకరం. మీ ఎకరాలతో, మీకు కరెంటు ఉండే గంటలతో ఈ లెక్క వేసుకుని అప్పుడు ధర మాట్లాడండి.

నాలుగు గంటలూ అక్కడ ఉంటారు కాబట్టి ఒక గాజు సీసాలో నీళ్ళు పట్టి పక్కన పెట్టండి. అడుగున ఇసుక పేరితే కేసింగో జల్లెడ గొట్టమో దెబ్బతిని ఉండొచ్చు, ఆ ఇసుక పంపును కోసేస్తుంది. పాలలా తెల్లగా ఉండి నిమిషంలో తేటపడితే అది గాలి, భయం లేదు. పట్టినప్పుడు తేటగా ఉండి కాసేపటికి ఎర్రబడితే ఇనుము. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్.

ల్యాబ్ కోసం నీళ్ళు పట్టడం

మంచి ల్యాబ్ ఫలితం కూడా నమూనా సరిగా పట్టకపోతే పనికిరాదు. ఐఎస్‌ఓ 17025 గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను ఎంచుకోండి, సీసాలు వాళ్ళ దగ్గరే తెచ్చుకోండి. సూక్ష్మజీవులకు స్టెరిలైజ్ చేసిన సీసా వేరే, లోహాలకు ఆసిడ్ వేసిన సీసా వేరే. లోపల పొడి కనిపిస్తే కడగొద్దు, అది కావాలనే వేసి ఉంటుంది.

ఫిల్టరుకో ఆర్వోకో సాఫ్ట్‌నర్‌కో ముందు, బోరుకు దగ్గరగా ఉన్న కుళాయి నుంచే పట్టాలి. కుళాయి జాలీ ఊడదీసి, మూతిని శుభ్రంగా తుడిచి, వేడి చేసో స్పిరిట్‌తోనో సూక్ష్మజీవులు లేకుండా చేసి, కొన్ని నిమిషాలు నీళ్ళు వదిలి, అప్పుడు సీసా తెరవండి. మూత లోపలివైపు, సీసా అంచు చేతికి తగలకూడదు. మూతను నేలమీద పెట్టకూడదు. నింపగానే మూసి ఐసు పెట్టెలో పెట్టండి. సూక్ష్మజీవుల నమూనా ఆరు గంటల్లో ల్యాబ్ చేరితే మంచిది, 24 గంటలు దాటితే మళ్ళీ పట్టాల్సిందే.

పట్టే ముందు ఇంకో చిన్న పని ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. చౌకగా దొరికే క్లోరిన్ కిట్‌తో ఆ నీళ్ళలో క్లోరిన్ ఉందేమో చూడండి. వాడుకలోలేని బావిలో బ్లీచింగ్ పౌడరు వేయడం మంచి అలవాటే, అమ్మేవారు శుభ్రం చేద్దామనే వేసి ఉండొచ్చు. కానీ క్లోరిన్ ఉన్నంతసేపు సూక్ష్మజీవుల రిపోర్టు కడిగిన ముత్యంలా వస్తుంది. అలాంటప్పుడు వాసన పోయేదాకా తోడించి, ఒకటి రెండు వారాలు ఆగి పట్టండి.

ఏ పరీక్షలు అడగాలి

టీడీఎస్ మీటరు పెట్టి చూపించి "చూశారా, ఎంత మంచి నీళ్ళో" అంటారు. ఆ మీటరు కరిగిన లవణాలు మొత్తం ఎన్నో మాత్రమే చెబుతుంది. మలం కలిసిందని చెప్పే ఈ.కోలి అనే సూక్ష్మజీవి, ఆర్సెనిక్ అనే విషం, ఫ్లోరైడ్ ఏవీ దానికి విడిగా కనపడవు. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ళ రోగాల నుంచి తప్పించడానికి 1970ల నుంచి లక్షల గొట్టపు బావులు వేశారు. తేటగా ఉన్న ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉందన్న సంగతి 1990లలో గానీ బయటపడలేదు. చూడటానికి బాగున్నాయి అన్న మాటకు విలువ ఎంతో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

తాగే నీళ్ళకు ఈ.కోలి, కోలిఫాం, నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, ఇనుము, మాంగనీసు, గట్టిదనం, క్లోరైడ్, సల్ఫేట్, పీహెచ్, టీడీఎస్ తప్పనిసరి. పాత పైపులుంటే సీసం (లెడ్) పరీక్షను కూడా చేర్చండి. గ్రానైటు ప్రాంతమైతే యురేనియం కూడా అడగడం మంచిది. పక్కన ఫ్యాక్టరీ, పెట్రోలు బంకు, చెత్తకుప్ప ఉంటే ఆ సంగతి ల్యాబ్‌వాళ్ళకు చెప్పి వాళ్ళ సలహా తీసుకోండి.

సేద్యానికి వేరే జాబితా ఉంది: విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి, మిగులు సోడియం కార్బొనేట్. వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపల ఉంటే ఏ పంటకూ ఇబ్బంది లేదు, 3 దాటితే ఉప్పును తట్టుకునే పంటలే దిక్కు. మిగులు సోడియం కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీళ్ళు నేలను ఏళ్ళ తరబడి బిగుసుకుపోయేలా చేస్తాయి. అలాంటి నీళ్ళున్న పొలం కొంటే నేలను కూడా పోగొట్టుకుంటారు.

రిపోర్టు చదవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు ఇవి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి అసలు ఉండకూడదు. లీటరుకు నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మీ దేశంలో వేరే హద్దులు అమల్లో ఉంటే వాటినే చూడండి. నైట్రేట్ దగ్గర జాగ్రత్త: కొన్ని ల్యాబ్‌లు దాన్ని నైట్రోజన్ లెక్కన రాస్తాయి, అప్పుడు 50కి సమానమైన అంకె సుమారు 11. "11 వచ్చింది, ఏముందిలే" అనుకుని మోసపోతారు.

ఏ తేడా వస్తే భయపడాలి, ఏది వస్తే బేరమాడాలి అన్నది తెలిసి ఉండాలి. ఈ.కోలి వస్తే అది తరచు సరిచేయగలిగేదే: చప్టా, మూత బాగుచేయించి, క్లోరిన్ వేసి, మళ్ళీ పరీక్షిస్తారు. రెండోసారీ వస్తే మురికి ఎక్కడినుంచో ఆగకుండా వస్తోంది, ఆ దారి దొరికేవరకు ముందుకు వెళ్ళకండి. ఇనుము, గట్టిదనం విసుగు పుట్టిస్తాయి తప్ప భయపెట్టవు, వాటికి పరికరాలున్నాయి.

నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ అలా కాదు. కాచితే పోవు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఎక్కువ నైట్రేట్ ఉన్న నీళ్ళతో పాలపొడి కలిపి పడితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలిరంగుకు తిరుగుతుంది. ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి పళ్ళనూ ఎముకలనూ తింటుంది. తాగే నీళ్ళ మట్టుకు ఆర్వో పెట్టుకోవచ్చు, కానీ దాని ఖర్చు, నిర్వహణ, వృథాగా పోయే నీళ్ళు జీవితాంతం మీవే. ఆ ఖర్చు ధరలో తగ్గాలి. ఇంట్లో పసిపిల్లలుండి, దగ్గర్లో వేరే మంచినీళ్ళ దారి లేకపోతే, నేనైతే ఆ స్థలం వదిలేయమంటాను.

మీరు అమ్మేవారైతే

ప్రకటన ఇవ్వడానికి నెల ముందే పరీక్షలు చేయించండి. పగిలిన చప్టా, ఊడిన మూత బాగుచేయించడానికి అయ్యేది చిన్న ఖర్చే, చివరి నిమిషంలో కొనేవారి నోట వింటే అదే పెద్ద తగ్గింపు అవుతుంది. బోరు కాగితాలు, మోటారు బిల్లులు, ఏ నెలలో నీళ్ళు తగ్గుతాయన్న వివరం ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. ఎండాకాలంలో రెండు నెలలు ట్యాంకరు తెప్పించుకునే మాట నిజమైతే అదీ చెప్పండి. దాచిన లోపం బయటపడితే కోర్టుదాకా వెళ్ళొచ్చు, అదీగాక అవి ఒక కుటుంబం తాగబోయే నీళ్ళు.

చేతికొచ్చాక

తాళాలు తీసుకున్న వారంలోనే బావికి ఒకసారి క్లోరిన్ వేయించి, తోడించి, రెండు వారాల తర్వాత సూక్ష్మజీవుల పరీక్ష మళ్ళీ చేయించండి. నిలకడ మట్టాన్ని నెలకోసారి కొలిచి గోడమీదో పుస్తకంలోనో తేదీతో రాయండి. ఏడాది తిరిగేసరికి మోటారును ఏ నెలలో ఎన్ని గంటలు నడపొచ్చో ఆ అంకెల నుంచే తెలుస్తుంది. సూక్ష్మజీవులు, నైట్రేట్ పరీక్ష ఏటా ఒకసారి, మొదటి పెద్ద వానల తర్వాత చేయించండి. వరద నీళ్ళు బావిని ముంచినా, నీళ్ళ రంగో వాసనో మారినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనాలు పట్టినా ఏడాది ఆగకుండా వెంటనే చేయించాలి. రిపోర్టు వచ్చేవరకు తాగే నీళ్ళు వేరేచోట నుంచి తెచ్చుకోండి.